ఆడిన సినిమాకూ పోస్టుమార్టం కావాలి

నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లు తీసిన షార్ట్ ఫిల్మ్ ఆడకపోతే వెంటనే వినిపించే కారణాలు రెండే: బడ్జెట్ లేదు, ప్రమోషన్ లేదు. నిజమే కావచ్చు. కానీ తర్వాతి సినిమాకి వాటివల్ల ఒరిగేదేమీ లేదు. ప్రేక్షకుడు ఏ నిమిషంలో చేజారాడో పట్టుకోవాలి.

ఛానెల్ నడిపేవాళ్లకి యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ ఉంటుంది, ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీత అది. మొదటి 30 సెకన్లలోనే గీత నిట్టనిలువునా పడిందంటే, చాలాసార్లు థంబ్‌నెయిల్ (వీడియో తెరవకముందు కనిపించే బొమ్మ) చెప్పింది ఒకటి, సినిమా చూపించింది ఇంకొకటి. నాలుగో నిమిషంలో జారితే సీను సాగిందో, మాట వినపడలేదో చూడాలి.

ఈ మాట వినపడకపోవడమే మన తీరంలో పెద్ద గండం. మైపాడు ఒడ్డునో, కొత్తపట్నంలోనో సీను పెట్టుకుని కెమెరా మైకునే నమ్ముకుంటారు. గాలి కొట్టిన గరగర ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. అంతకంటే చిక్కు అలలది. ఏ రెండు టేకుల్లోనూ అల ఒకేలా విరగదు కాబట్టి షాటు మారినప్పుడల్లా హోరు తెగి అతుకు బయటపడుతుంది. కాలర్ మైకుకి గాలిని ఆపే బొచ్చు తొడుగు (విండ్‌షీల్డ్) వేయాలి. నటులు అక్కడుండగానే కెమెరా ఆపి, డైలాగులు దగ్గర్నుంచి మరోసారి విడిగా రికార్డు చేసుకోవాలి. అందరూ నోరు మూసుకుని రెండు నిమిషాలు ఉత్త హోరు పట్టుకుంటే, సీను పొడుగునా మాటల కింద పరవొచ్చు.

ఆడిన సినిమాని మాత్రం ఎవరూ ఇలా విప్పి చూడరు. అసలు నష్టం అక్కడే. నెల్లూరు యాసలో తీసిందొకటి ఆడితే తర్వాతివన్నీ యాస మీదే నడుస్తాయి. జనం చూసింది యాస కోసమా, ఆరు నిమిషాల్లో ముగిసినందుకా? తేలాలంటే తర్వాతి సినిమాలో ఒక్కటే మార్చాలి: నిడివి ఉంచి యాస తీసేయాలి, లేదా యాస ఉంచి నిడివి పెంచాలి. రెండూ ఒకేసారి మారిస్తే ఏదీ తెలియదు.

మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 1987లో మాటల్లేని 'పుష్పక విమానం'తో మెప్పించి కూడా ఆ ఒక్క పద్ధతికే అంటిపెట్టుకోలేదు. 1991లో కాలయంత్రం కథతో 'ఆదిత్య 369' తీశారు. మాట తోడు లేకుండా దృశ్యంతోనే కథ నడిపే నేర్పు మాత్రం అందులోనూ కనిపిస్తుంది. విజయంలోంచి దాచుకోవాల్సింది అలాంటిదే.

ఆయన గురువు కె.వి.రెడ్డి స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి షూటింగ్‌కి ముందే తేల్చేవారు. ఈ పని ఫోనుతో ఇవాళే చేయొచ్చు. స్క్రిప్టుని నటించే వేగంలోనే పైకి చదవండి. పది నిమిషాలనుకున్నది పద్నాలుగు వస్తే కాగితం మీదే కోయండి. షూటింగ్ అయ్యాక కోస్తే ఆ సీన్లకి పెట్టిన భోజనాలు, బండి బాడుగ తిరిగిరావు.