గని ఒక్కటే.. లెక్కలు రెండా?

వార్షిక నివేదికల కాలం వచ్చిందంటే గనుల కంపెనీల పుస్తకాలు ఇటుకల్లా వచ్చి పడతాయి. మూడు, నాలుగు వందల పేజీలు. అట్ట మీద హెల్మెట్ పెట్టుకుని నవ్వే కార్మికురాలు, వెనకాల ఏపుగా పెరిగిన మొక్కలు. లోపల నీటి పొదుపు మీద కొన్ని పేజీలు, మహిళా సాధికారత మీద మరికొన్ని. సరే, ఫలానా జిల్లాలోని ఫలానా గనిలో ఈ ఏడాది ఎంత తవ్వారు, ఎంత మిగిలింది, ఎందరు చనిపోయారు, సర్కారుకు ఎంత కట్టారు? ఈ నాలుగు అంకెలూ ఒక్కచోట కనిపించే పుస్తకం అరుదు. అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి బహుళజాతి కంపెనీలు ఇచ్చే పత్రాలు తిరగేస్తే కథ వేరు. అక్కడి గనికి పేరుంటుంది, పేరు పక్కన అంకె ఉంటుంది. నిజం మోతాదు చదివేవాడు ఏ దేశంలో ఉన్నాడన్నదాన్ని బట్టి మారుతోంది. మా అభ్యంతరం దీనిమీదే.

ఉన్న కాస్త వెల్లడి కూడా భారమంటూ పరిశ్రమ పాడే పాటకు ముంబైలోని మన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తాళం వేస్తోంది. 2023 జులైలో ఇదే సెబీ ఒక మంచి పని చేసింది. సుస్థిరత నివేదికల్లోని కీలక అంకెలను, అంటే నీరు, ఉద్గారాలు, వ్యర్థాలు, కార్మిక భద్రత వంటివాటిని, స్వతంత్ర సంస్థ పరిశీలించి హామీ ఇవ్వాలంది. మొదట 150 పెద్ద కంపెనీలు, 2026-27 నాటికి వెయ్యి కంపెనీలు అని గడువులూ పెట్టింది. ఏడాదిన్నర తిరక్కుండానే, 2024 డిసెంబరులో, 'హామీ' అన్నచోట 'మదింపు లేదా హామీ' అని మార్చాలని తీర్మానించింది. ఆ మదింపుకు కొలమానాలు రాసేది ఎవరనుకున్నారు? సెబీతో సంప్రదించి, వ్యాపార సంఘాలైన ఫిక్కీ, సీఐఐ, అసోచామ్‌లు కూర్చునే పరిశ్రమ ప్రమాణాల వేదిక. పరీక్ష రాసేవాళ్లే ప్రశ్నపత్రం తయారు చేసుకోవచ్చన్నమాట. ఖర్చు పెరుగుతుందని, పరిశీలించే నిపుణులు చాలినంత మంది లేరని కంపెనీలు చెప్పే మాటలో కొంత నిజముంది. అయితే ఆ ఖర్చును అమెరికాలోనో లండన్‌లోనో కిక్కురుమనకుండా భరించే కంపెనీకి ఇక్కడికి రాగానే నడుం నొప్పి ఎందుకొస్తుందన్నదే ప్రశ్న.

భద్రత సంగతే తీసుకోండి. 2010 ఏప్రిల్‌లో వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ బొగ్గు గని పేలి 29 మంది చనిపోయారు. అదే ఏడాది వచ్చిన అమెరికా ఆర్థిక సంస్కరణల చట్టం డాడ్-ఫ్రాంక్‌లో 1503వ సెక్షన్ చేరింది. అమెరికా ఎక్స్చేంజీల్లో నమోదైన కంపెనీ తన అమెరికా గనులను ఒక్కొక్కటిగా పేరుపెట్టి రాయాలి. తీవ్రమైన ముప్పు తెచ్చే ఉల్లంఘనలకు ఎన్ని నోటీసులు అందాయి, తక్షణ ప్రమాదముందని ఎన్నిసార్లు పని ఆపించారు, ప్రతిపాదించిన జరిమానాలు మొత్తం ఎన్ని డాలర్లు, ఎందరు చనిపోయారు, ఎన్ని కేసులు నడుస్తున్నాయి.. ఇవన్నీ పట్టికలో వరుసగా ఉండాలి. విదేశీ కంపెనీలకూ మినహాయింపు లేదు. అవి ఇచ్చే వార్షిక నివేదిక ఫారమ్ 20-ఎఫ్‌లో 16-హెచ్ అనే అంశం ఇందుకోసమే ఉంది.

ఇక్కడే మెలిక ఉంది. ఈ పట్టిక అమెరికా నేల మీదున్న గనులకు మాత్రమే. ఉటాలోని గనిలో ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన నోటీసుకు పట్టికలో చోటుంది. అదే కంపెనీకి ఆఫ్రికాలోనో ఆసియాలోనో ఉన్న గనిలో మనిషి పోతే ఆ పట్టికలో చోటు లేదు. వాటాదారుల నివేదికలో సంస్థ మొత్తానికి వేసిన ఒక్క అంకెలో ఆ ప్రాణం కలిసిపోతుంది. మన సెబీ ఫారం అడిగేదీ కంపెనీ మొత్తం లెక్కే. పది లక్షల పని గంటలకు గాయాల రేటు ఎంత, మరణాలెన్ని అని అడుగుతుంది. ఏ గనిలో అని అడగదు. పది గనుల్లో తొమ్మిది బాగుండి ఒకటి శ్మశానంలా ఉన్నా సగటు చక్కగానే కనిపిస్తుంది.

డబ్బు లెక్కా ఇంతే. చమురు, గనుల కంపెనీలు ప్రభుత్వాలకు ఏం కట్టాయో బయటపెట్టాలని డాడ్-ఫ్రాంక్‌లోని 1504వ సెక్షన్ చెప్పింది. ఆ ఒక్క సెక్షన్‌కు నిబంధనలు రాయడానికి పదేళ్లు పట్టింది. 2012లో రాసినదాన్ని కోర్టు కొట్టేసింది. 2016లో రాసినదాన్ని 2017లో అక్కడి కాంగ్రెస్ రద్దు చేసింది. చివరికి 2020 డిసెంబరులో వచ్చిన నియమం ప్రకారం లక్ష డాలర్లు, ఆపైన చెల్లింపులను ఆర్థిక సంవత్సరం ముగిశాక 270 రోజుల్లో చెప్పాలి. ప్రాజెక్టుకో లెక్క అన్న మాటను మాత్రం రాష్ట్రం స్థాయికి పలచన చేశారు. బ్రిటన్‌లో 86,000 పౌండ్లు దాటిన చెల్లింపులు చూపాలి. గనుల రాబడిలో పారదర్శకత కోసం 2003లో మొదలైన అంతర్జాతీయ వేదిక ఈఐటీఐలో యాభైకి పైగా దేశాలున్నాయి. భారత్ లేదు. అంటే మన ఖజానాకు పడిన రాయల్టీ సంగతి లండన్ పత్రంలో చదివి తెలుసుకోవాలి, అదీ ఆ కంపెనీ అక్కడ నమోదై ఉన్నంత కాలమే. వేదాంత రిసోర్సెస్ 2018 అక్టోబరులో లండన్ ఎక్స్చేంజీ నుంచి, వేదాంత లిమిటెడ్ 2021 నవంబరులో న్యూయార్క్ నుంచి తప్పుకున్నాయి. చట్టం అనుమతించిన పనే, తప్పు పట్టేదేమీ లేదు. తప్పు మన వ్యవస్థది. పరాయి ఊరి కిటికీ మూస్తే మన ఇల్లు చీకటవడమేమిటి?

రాయల్టీలో మోసం ఎక్కడ జరుగుతుందో బళ్లారి నేర్పినంతగా ఇంకెవరూ నేర్పలేదు. ఇనుప ఖనిజానికి రాయల్టీ సగటు అమ్మకపు ధరలో 15 శాతం. ఆ ధరను నాగపూర్‌లోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ గ్రేడువారీగా ప్రకటిస్తుంది. ఇనుము 62 శాతం దాటిన సరుకును 60 లోపు గ్రేడుగా రాసి, ఆ రెంటి ధరల మధ్య తేడా టన్నుకు వెయ్యి రూపాయలుంటే, రాయల్టీలో టన్నుకు 150 రూపాయలు ఎగిరిపోతాయి. ఏడాదికి 40 లక్షల టన్నుల గనికి అది 60 కోట్లు. రాయల్టీ మీద లెక్కగట్టే జిల్లా ఖనిజ నిధి వాటా దీనికి అదనం. దీన్ని పట్టుకోవాలంటే గని ముఖం దగ్గర తవ్విన లెక్క, పర్మిట్ మీద వేబ్రిడ్జి తూకం, రేవులో ఓడకెక్కిన సరుకు.. మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. అలా చూడని రోజుల్లోనే బేలేకేరి రేవులో జప్తు చేసి ఉంచిన ఖనిజం కూడా 2010లో మాయమైంది. చివరికి 2011లో లోకాయుక్త నివేదిక, సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చి బళ్లారి, చిత్రదుర్గ, తుమకూరు జిల్లాల్లో తవ్వకాలే ఆగిపోయాయి. అందులో బతుకు పోగొట్టుకున్న లారీ డ్రైవర్లు, మెకానిక్కులు కంపెనీల వార్షిక నివేదికలు ఎన్నడూ చదివినవాళ్లు కాదు.

నిల్వల లెక్క ఇంకా లోతైన వ్యవహారం. భూమిలో ఎంత ఖనిజముందన్నది ఒకటి, దాన్ని లాభానికి తవ్వగలమా అన్నది మరొకటి. రెండోదే రిజర్వు. ధర అంచనా కాస్త పెంచినా, ఎంత శాతం లోహముంటే తవ్వాలన్న గీతను కాస్త దించినా, పలుగు పట్టకుండానే రిజర్వు పెరుగుతుంది. దాంతో లాభమూ పెరుగుతుంది. ఎలాగంటే, గని యంత్రాల తరుగుదలను తవ్విన టన్నుల చొప్పున రాస్తారు. 1,200 కోట్ల ప్లాంటు, 6 కోట్ల టన్నుల రిజర్వు అయితే టన్నుకు 200 రూపాయల తరుగుదల. రిజర్వును 8 కోట్లని తిరగరాస్తే అది 150కి దిగుతుంది. ఏటా 40 లక్షల టన్నులు తవ్వే గనిలో ఆ ఒక్క సవరణతో 20 కోట్ల లాభం పుట్టుకొస్తుంది. అందుకే అమెరికాలో ఎస్-కె 1300 నిబంధనలు ధర ఎంత అనుకున్నారు, గీత ఎక్కడ గీశారు, శుద్ధిలో ఎంత చేతికొస్తుంది అని గనివారీగా రాయించి, అర్హుడైన నిపుణుడితో సంతకం పెట్టిస్తాయి. ఇండోనేషియాలో లేని బంగారాన్ని చూపిన బ్రె-ఎక్స్ బండారం 1997లో బయటపడ్డాక కెనడా ఇలాంటి నిబంధనలనే తెచ్చుకుంది. సెబీ నిబంధనల్లో గని నిల్వలకంటూ అలాంటి ప్రత్యేక నియమావళి లేదు.

గని మూసేటప్పటి ఖర్చు దగ్గర ఖాతాల కింద రాసే నోట్లలోని చిన్న అక్షరాలు మరీ చిన్నవవుతాయి. ముప్పై ఏళ్ల తర్వాత వెయ్యి కోట్లు ఖర్చవుతుందనుకుందాం. రేపటి ఖర్చును ఇవాళ్టి విలువకు కుదించే డిస్కౌంటు రేటు 7 శాతం వేస్తే ఇవాళ పుస్తకంలో చూపాల్సింది 131 కోట్లు. 5 శాతం వేస్తే 231 కోట్లు. రెండు పాయింట్ల తేడాకు వంద కోట్ల బాధ్యత మాయం. ఆ రేటు ఏ గనికి ఎంత వేశారో గనివారీగా చెప్పే నివేదికను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. యంత్రాలతో నడిచే గనికి ప్రభుత్వం తీసుకునే పూచీకత్తు 2021లో పెంచిన తర్వాత కూడా హెక్టారుకు 5 లక్షలే. రెండు వందల హెక్టార్లు వాడుకున్న గనికి పది కోట్లు. ఆ సొమ్ముతో ఏ గుంత పూడుస్తారు?

బెంగళూరు నుంచి వంద కిలోమీటర్లు వెళ్లి కోలారు బంగారు గనుల్లో చూడండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది. డెబ్బై ఏళ్లకు పైగా బంగారమూ, డివిడెండ్లూ లండన్ దారి పట్టాయి. 1956లో సర్కారు చేతికొచ్చి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మిగిలింది సైనైడ్ దిబ్బలు. గాలి లేస్తే ఆ తెల్లని దుమ్ము మారికుప్పం, చాంపియన్ రీఫ్స్ ఇళ్లలోకి, ఆరేసిన బట్టల్లోకి వస్తుంది. తెలుగు, తమిళ కుటుంబాలు తరతరాలుగా గనిలో దిగిన వీధులవి. ఈ దిబ్బల ఖర్చు ఏ కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో ఉంది? కోలారులో జరిగిందే రేపు చిత్రదుర్గలోనో సండూరులోనో జరగదని ఏ నోటు చదివి నమ్మాలి?

మదింపు చాలు, హామీ అక్కర్లేదనేవాళ్లు బ్రెజిల్‌ను గుర్తుచేసుకోవాలి. బ్రుమాడిన్హోలో వాలె కంపెనీ వ్యర్థాల ఆనకట్ట స్థిరంగా ఉందని డబ్బు తీసుకున్న సంస్థ 2018లో ధ్రువపత్రం ఇచ్చింది. 2019 జనవరి 25న ఆనకట్ట తెగింది. కింద ఉన్న కార్మికుల భోజనశాల బురదలో కలిసిపోయింది. 270 మంది చనిపోయారు. సుస్థిరత నివేదికల్లో భద్రత గురించి తప్పుదోవ పట్టించారన్న అభియోగం మీద అమెరికా ఎస్ఈసీతో ఆ కంపెనీ 2023లో 5.59 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. గమనించండి, అక్కడ కేసు మదుపరులకు అబద్ధం చెప్పినందుకు. కేసు పెట్టగలిగింది కూడా ఆ అబద్ధం కాగితం మీద ఉంది కాబట్టే. కంపెనీ మొత్తానికి ఒక సగటు అంకె ఇచ్చి ఊరుకుని ఉంటే పట్టుకోవడానికి ఏముండేది? మొజాంబిక్ బొగ్గు కోసం 2011లో 370 కోట్ల డాలర్లు పోసి, మూడేళ్లకు 5 కోట్ల డాలర్లకు అమ్ముకున్న రియో టింటో కూడా, విలువ పడిపోయిన సంగతి సకాలంలో చెప్పలేదన్న కేసులో 2023లో 2.8 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. మన దగ్గర ఇలాంటి కేసు పెట్టాలన్నా ముందు ఆ అంకె రాయించాలి కదా.

చిత్రమేమిటంటే, లెక్కలు లేక కాదు. బొగ్గు వంటివాటిని పక్కనపెడితే ప్రతి గనీ నెల తిరిగి పదో తేదీలోపు నాగపూర్‌కు రిటర్ను పంపాలి, ఏడాది రిటర్ను జులై ఒకటిలోపు ఇవ్వాలి. ఏటా పది లక్షల టన్నులు తవ్వే ప్రణాళిక ఉన్నా, 50 హెక్టార్ల లీజు ఉన్నా డ్రోన్ సర్వే చేసి, హద్దు బయట వంద మీటర్ల దాకా చిత్రాలు సమర్పించాలి. ఇవన్నీ నాగపూర్ సర్వర్లలో పడి ఉన్నాయి. జనం దాకా వచ్చేవి ప్రధానంగా రాష్ట్రాల మొత్తాలు, అవీ వార్షిక గ్రంథంలో ఆలస్యంగా. వాటాదారుకు ఒక అంకె, గనుల శాఖకు ఒక అంకె, విదేశీ ఎక్స్చేంజీకి ఇంకో అంకె ఇచ్చే వెసులుబాటు అందుకే మిగిలింది.

సెబీ చేయాల్సింది కొండలు తవ్వే పనేం కాదు. గనుల శాఖకు ఇచ్చిన రిటర్నును గనివారీగా వార్షిక నివేదికకు జతచేయమనాలి. మాతృసంస్థ ఏ దేశ నియంత్రణ సంస్థకు ఏ పత్రమిచ్చినా, భారత గనుల భాగాన్ని అదే రోజు ఇక్కడి ఎక్స్చేంజీకి పంపమనాలి. 'మదింపు లేదా' అన్న రెండు మాటలు, కనీసం గనుల కంపెనీల వరకైనా, కొట్టేయాలి. కష్టమని కంపెనీలు అంటే నమ్మొద్దు. విదేశీ పత్రాలకు అంకెలు సరిచూసి కంప్యూటరు చదివే ట్యాగులు తగిలించే పని ఈ బెంగళూరులోనే, ఔటర్ రింగ్ రోడ్డు అద్దాల భవనాల్లో రాత్రి షిఫ్టులు చేసే అనంతపురం, చిత్తూరు, బళ్లారి పిల్లల చేతుల మీదుగా కూడా సాగుతోంది. ఉటా గనికి వచ్చిన ప్రతి నోటీసుకూ ఆ పట్టికలో ఒక వరుస ఉంది. దాని కింద చిత్రదుర్గ పేరుతో ఇంకో వరుస చేర్చడం చేతకాక కాదు, చేర్చమని గద్దించేవాళ్లు ముంబైలో లేకే.