ముద్దాయి బరువు తొమ్మిది గ్రాములు

ఆర్‌సీ విమానం, అంటే చేతిలోని రేడియోతో నడిపే చిన్న విమానం, కూలిన చోటికి మనుషుల కంటే ముందు కారణాలు చేరుకుంటాయి. గాలి తిరిగిందని ఒకరు, సెల్ టవర్ సిగ్నల్ కొట్టేసిందని ఇంకొకరు, బయల్దేరేటప్పుడే పిల్లి ఎదురొచ్చిందని మూడో ఆయన. విరిగిన థర్మాకోల్ ముక్కల మధ్య నీలం రంగు ప్లాస్టిక్ డబ్బీ ఒకటి ఏమీ ఎరగనట్టు పడుంటుంది. దాని మీద మాత్రం ఎవరూ కేసు పెట్టరు.

ఆ డబ్బీయే సర్వో, అంటే రేడియో స్టిక్ కదిపినంత మేర విమానం రెక్కల మీదా తోక మీదా ఉండే పలకల్ని కదిపే బుల్లి మోటారు. ఎస్‌జీ90 అని పేరు. పొడవు 22 మిల్లీమీటర్లు, వెడల్పు 12, బరువు 9 గ్రాములు, రేటు వంద రూపాయలకు అటూ ఇటూ. రేడియోకీ మోటారుకీ బ్యాటరీకీ మారుమాట్లాడకుండా వేలు పోసినవాడు కూడా సర్వో దగ్గరికొచ్చేసరికి కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కొసరు అడిగినట్టు అడుగుతాడు. మోటారు ఆగిపోతే విమానం గ్లైడ్ చేసుకుంటూ దిగొచ్చు. ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక, అంటే ఎలివేటర్, దాని సర్వో ఆగిపోతే మాత్రం ఎక్కడ దిగాలో విమానమే నిర్ణయించుకుంటుంది.

హైదరాబాదులో ఒక బావ, ఆయన బావమరిది కలిసి మీటరు రెక్కల థర్మాకోల్ ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్ల విమానం, కడుతున్నారనుకుందాం. రెక్కల అంచు పలకలైన ఐలరాన్లకు రెండు, ఎలివేటర్‌కు ఒకటి, తోక మీది నిలువు పలక రడ్డర్‌కు ఒకటి, మొత్తం నాలుగు సర్వోలు కావాలి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లారు. అక్కడ సర్వోలు ఎక్కువగా కొనేది విమానాలవాళ్లు కాదు, ప్రాజెక్టు సబ్మిషన్ దగ్గరపడిన ఇంజినీరింగ్ పిల్లలు. వాళ్లకి రోబో చెయ్యి తిప్పే 180 డిగ్రీల సర్వో కావాలి, రోబో చక్రం తిప్పే 360 డిగ్రీల సర్వో కూడా కావాలి. రెండూ ఒకే నీలం డబ్బీలో వస్తాయి. కొట్లో రెండూ ఒకే ట్రేలో కలిసిపోతాయి.

"ఇది 180, ఇది 360. రెండూ ఒకటే రేటు సార్" అన్నాడు కుర్రాడు.

అదే డబ్బుకి రెట్టింపు డిగ్రీలు! బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎలివేటర్ ముఖ్యం కదరా, దానికి 360ది వేద్దాం" అన్నాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక రేడియో ఆన్ చేసి ఎలివేటర్ స్టిక్ కొంచెం వెనక్కి లాగారు. ఎలివేటర్ పైకి లేచింది. ఇంకా లేచింది. ఇక లేవడానికి చోటు లేక, సర్వోని పలకతో కలిపే తీగ పుష్‌రాడ్ విల్లులా వంగింది.

"స్టిక్ వదిలెయ్ బావా!"

"ఎప్పుడో వదిలేశాన్రా, అదే వదలట్లేదు!"

పలక మీద ఆ తీగ తగిలించే కంట్రోల్ హార్న్ థర్మాకోల్‌ని చీల్చుకుని బయటికొచ్చాక సర్వో హాయిగా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. బ్యాటరీ పీకితే గానీ ఆగలేదు.

జరిగింది ఇదీ. మామూలు సర్వోలో గేర్ల కింద చిన్న పొటెన్షియోమీటర్ ఉంటుంది. షాఫ్ట్, అంటే సర్వో తిప్పే ఇరుసు, ఏ కోణంలో ఉందో అది చెబుతుంది. విమానంలో ఉండి రేడియో మాట వినే రిసీవర్ సెకనుకు 50 సార్లు ఒక పల్స్, అంటే క్షణకాలపు కరెంటు తట్టు, పంపుతుంది. దాని నిడివి 1500 మైక్రోసెకన్లయితే మధ్య, 1000 ఒక చివర, 2000 ఇంకో చివర. లోపలి సర్క్యూట్ ఆ పల్స్‌ని, పొటెన్షియోమీటర్ చెప్పేదాన్ని పోల్చుకుని, రెండూ కలిసేదాకా మోటారు తిప్పి ఆపుతుంది. 360 రకంలో షాఫ్ట్ జాడ చెప్పే ఆ పొటెన్షియోమీటర్ బదులు కదలని రెసిస్టర్లు పెడతారు. ఇక ఎంత తిరిగినా లోపలి సర్క్యూట్‌కి ఇంకా మధ్యలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే అక్కడ పల్స్‌కి అర్థం కోణం కాదు, వేగం. 1500 దగ్గర ఆగాలి, కానీ చవక సరుకు కదా, అప్పుడు కూడా నెమ్మదిగా పాకుతూనే ఉంటుంది. కొట్లోనే తేల్చుకోవాలంటే షాఫ్ట్‌కి హార్న్ అనే ప్లాస్టిక్ చెయ్యి తగిలించి మెల్లగా, చాలా మెల్లగా చేత్తో తిప్పాలి. ఒకచోట ఆగితే 180, ఆగకుండా తిరుగుతూనే ఉంటే రోబో చక్రం.

మర్నాడు సర్వో మార్చారు. ఇప్పుడు హార్న్‌లు బిగించాలి. ఇక్కడ బావమరిది తన ఇంజినీరింగ్ చూపించాడు. కరెంటు ఇవ్వకుండానే, కంటి అంచనాతో హార్న్‌ని సర్వోకి నిటారుగా నొక్కేశాడు. తర్వాత బ్యాటరీ పెడితే సర్వో తన అసలు మధ్యకి వెళ్లింది, హార్న్ ముప్పై డిగ్రీలు పక్కకి వాలింది. "ఒక్క నిమిషం బావా" అని ఐలరాన్‌ని చేత్తో పట్టుకుని వెనక్కి తోశాడు. లోపల 'టక్ టక్ టక్' మంది. నైలాన్ గేర్ పళ్లు మూడు పోయాయి. కరెంటులో ఉన్న సర్వో మీద చేత్తో బలం పెడితే అది తలొంచదు, పళ్లు రాల్చుకుంటుంది.

సరైన వరస ఇది. ముందు ప్రొపెల్లర్ విప్పేయాలి, ఇందులో మొహమాటం లేదు. రేడియోలో పలక మధ్య స్థానాన్ని కొంచెం జరిపే ట్రిమ్‌లు, సబ్‌ట్రిమ్‌లు సున్నా చేసి, కరెంటిచ్చి, సర్వో మధ్యకొచ్చి నిలబడ్డాకే హార్న్ నొక్కాలి. షాఫ్ట్ మీద పళ్లు ఇరవై చిల్లర ఉంటాయి కాబట్టి హార్న్‌ని ఒక పన్ను జరిపితే పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు మారిపోతుంది. అందుకే కచ్చితంగా నిటారు కుదరదు. రెండు రెక్కల హార్న్ అయితే తిరగేసి చూడాలి, ఒక్కోసారి రెండో వైపు సరిగ్గా కూర్చుంటుంది. మిగిలిన కాస్త తేడా సబ్‌ట్రిమ్‌తో సరిచేసుకోవచ్చు. పుష్‌రాడ్‌ని సర్వో హార్న్‌లో లోపలి రంధ్రానికి, ఎలివేటర్ హార్న్‌లో బయటి రంధ్రానికి తగిలిస్తే కదలిక తగ్గుతుంది, బలం పెరుగుతుంది, గేర్లలోని లూజు కూడా తక్కువ కనిపిస్తుంది. బావ దీన్ని సరిగ్గా తలకిందులు చేసి, "చూడరా, ఎలివేటర్ అరవై డిగ్రీలు లేస్తోంది!" అని మురిశాడు. ట్రైనర్‌కి పైకి పది పన్నెండు మిల్లీమీటర్లు, కిందికి అంతే చాలు. అరవై డిగ్రీల ఎలివేటర్‌తో ఎగిరేది విమానం కాదు, తారాజువ్వ.

ప్యాకెట్లో స్క్రూలు మూడుంటాయి. రెండు మొనదేలినవి, సర్వో పక్కల బిగించే చెవులకి. మూడోది పొట్టిది, హార్న్‌ని షాఫ్ట్‌కి బిగించడానికి. ఈ మూడోది పుట్టిందే మంచం కింద దొర్లిపోవడానికి. నాలుగింటిలో ఒకటి అలాగే పోయింది. బావ మొనదేలిన దాన్నే హార్న్‌లోకి తిప్పబోతే షాఫ్ట్ పగులుతుందని బావమరిది ఆపాడు. నిజమే, నైలాన్ షాఫ్ట్ చీలిపోతుంది. కానీ ఆపినవాడు వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు:

"హార్న్ టైట్‌గానే ఉంది బావా, స్క్రూ లేకపోయినా ఏం కాదు."

ఆదివారం పొద్దున ఊరి బయట ఖాళీ స్థలంలో చేత్తో విసిరారు. ముప్పై మీటర్ల ఎత్తులో ఒక చుట్టు బ్రహ్మాండంగా వచ్చింది. రెండో చుట్టులో ముక్కు కిందికి దించింది.

"పైకి లాగు బావా!"

"లాగుతూనే ఉన్నాన్రా!"

"స్టిక్ కాదు, విమానాన్ని!"

తర్వాత పంచాయితీ మామూలే. గాలి, టవరు, పిల్లి. చివరికి తోక ముక్క చేతికి తీసుకుని స్టిక్ కదిపి చూస్తే సర్వో 'జుయ్ జుయ్'మంటూ చెప్పినట్టే తిరుగుతోంది. హార్న్ మాత్రం పుష్‌రాడ్ చివర వేలాడుతోంది. సర్వో డ్యూటీలోనే ఉంది, హార్న్ సెలవు పెట్టింది. బ్యాలెన్స్ చెయ్యని ప్రొపెల్లర్ అదురుకి, ప్రతి కదలికలో పుష్‌రాడ్ పక్కకి లాగే లాగుడికి, నొక్కి పెట్టిన హార్న్ కొంచెం కొంచెంగా పైకి పాకి ఊడిపోతుంది. కాబట్టి విసిరే ముందు ప్రతి హార్న్ తల మీదా స్క్రూ కంటికి కనిపించాలి. కనిపించకపోతే ఆ రోజుకి ఇడ్లీ తిని ఇంటికెళ్లడమే.

స్క్రూ ఉంటే కూలదా అంటే, దానికి ఇంకా దారులున్నాయి. ముఖ్యమైనది కరెంటు. మోటారు వేగాన్ని అదుపు చేసే ముప్పై ఆంపియర్ల చవక ఈఎస్‌సీలో ఉండే, రిసీవర్‌కీ సర్వోలకీ కరెంటిచ్చే బీఈసీ మామూలుగా 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసుకుని వస్తుంది. చాలావాటిలో అది లీనియర్ రకం, అంటే మిగులు వోల్టేజీని వేడి చేసి పారేస్తుంది. నిండుగా చార్జయిన మూడు సెల్‌ల లైపో బ్యాటరీ 12.6 వోల్టులు. సర్వోలు ఒక ఆంపియర్ లాగితే ఆ చిన్న చిప్ ఏడున్నర వాట్ల వేడిని మింగాలి. సర్వో ఇరుక్కుంటే ఒక్కోటీ అర ఆంపియర్ పైనే లాగుతుంది. పుష్‌రాడ్ ఎక్కడో తగులుతూ రెండు సర్వోలు నిరంతరం 'గుర్ర్'మంటుంటే, గాల్లోకి వెళ్లాక బీఈసీ కాసేపు కళ్లు మూసుకుంటుంది, రిసీవర్ రీస్టార్ట్ అవుతుంది, ఆ రెండు మూడు సెకన్లు విమానం అనాథ. దీన్నే కింద నిలబడ్డవాళ్లు 'సిగ్నల్ పోయింది' అంటారు. నేల మీదే పరీక్షించాలి. ప్రొపెల్లర్ లేకుండా రెండు స్టిక్‌లూ ఒకేసారి ఒక నిమిషం పాటు గిరగిరా తిప్పుతూ రిసీవర్ లైటు చూడాలి. అది మినుకుమన్నా, మోటారు మళ్లీ స్టార్టింగ్ పాట పాడినా, 3 ఆంపియర్ల విడి బీఈసీ, అంటే యూబీఈసీ, పెట్టుకోవాలి. అప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వచ్చే ప్లగ్‌లో ఎర్ర తీగ తీసేయడం మరిచిపోకూడదు.

విమానం ఊగకుండా తనంతట తాను సరిచేసే జైరో స్టెబిలైజర్ పెట్టుకున్నవాళ్లకి ఇంకో ముచ్చట. దాన్ని డిజిటల్ సర్వో సెట్టింగులో వదిలేస్తే పల్స్‌లు సెకనుకు మూడు వందల దాకా వెళ్తాయి. ఎస్‌జీ90 అనలాగ్ సర్వో, దానికి 50 చాలు. మూడు వందలు పెడితే అది వణుకుతుంది, వేడెక్కుతుంది, కాసేపటికి వాసనొస్తుంది.

"మెటల్ గేర్లవి కొంటే గొడవుండదు కదా బావా?" అని బావమరిది అడగనే అడుగుతాడు. ఎంజీ90ఎస్ అని ఉంది, అదే సైజు, 13.4 గ్రాములు, ధర రెట్టింపుకి దగ్గర. ముందు చక్రం తిప్పే సర్వోకి, పొట్టతో నేల మీదికి దిగే విమానం ఐలరాన్లకి అది వేస్తే న్యాయం. మిగతా చోట్ల, అర కిలో పైచిలుకు థర్మాకోల్ విమానానికి నైలాన్ చాలు. నేలకి గుద్దుకున్నప్పుడు నైలాన్ పన్ను విరిగి ఆ దెబ్బని అక్కడే ఆపేస్తుంది. మెటల్ గేరు విరగదు సరే, దెబ్బ సర్వో చెవుల మీదికో ఎలివేటర్ హింజ్ మీదికో వెళ్తుంది. పైగా మెటల్ గేర్లు అరిగేకొద్దీ లూజు పెరుగుతుంది, వేగంగా దూకినప్పుడు ఐలరాన్ టపటపలాడుతుంది. ఆ ధర తేడాతో ఎస్‌జీ90లే నాలుగు కావలసిన చోట ఆరు కొనుక్కోవడం మేలు. ఆరింటినీ సర్వో టెస్టర్‌కి తగిలించి ఒక్కోదాన్ని పావుగంట తిప్పితే, బద్ధకస్తులు ఎవరో అప్పుడే తెలిసిపోతుంది. ఎడమ నుంచి వచ్చినా కుడి నుంచి వచ్చినా ఒకే మధ్యలో ఆగేది ఎలివేటర్‌కి, వేగం కలిసే రెండు ఐలరాన్లకి, కొంచెం అటూ ఇటూ ఆగేది రడ్డర్‌కి. డబ్బా మీద రాసిన 1.8 కిలోల బలం షాఫ్ట్ నుంచి ఒక సెంటీమీటరు దూరంలో, అది పూర్తిగా ఇరుక్కుపోయే క్షణంలో ఇచ్చేది. అందులో మూడో వంతే మన సొమ్మనుకోవాలి.

బిగించడంలో ఫెవిక్విక్ ఊసు వద్దు. అది థర్మాకోల్‌ని తినేస్తుంది, షాఫ్ట్ పక్కనుంచి లోపలికి పాకితే గేర్లని శాశ్వతంగా అంటించేస్తుంది. సర్వో చుట్టూ ఒక చుట్టు మాస్కింగ్ టేపు వేసి, గ్లూ గన్‌తో చెవుల దగ్గర నాలుగు చుక్కలు పెడితే చాలు, గన్ మరీ వేడిగా ఉండకూడదు. తియ్యాల్సొస్తే అంచుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేస్తే గ్లూ వదులుతుంది.

పళ్లు పోయిన సర్వోని బాగుచెయ్యొచ్చు. కింద నుంచి నాలుగు పొడవాటి స్క్రూలు విప్పి, పై మూత తీసే ముందు ఫోన్ సిద్ధంగా పెట్టుకోవాలి, మూత లేవగానే గేర్ల వరస ఫోటో తియ్యాలి. పొరపాటున తలకిందులు చేస్తే అవన్నీ బావ ఒళ్లో పడతాయి, ఏది ఎక్కడిదో కనిపెట్టడంతోనే సాయంత్రం గడిచిపోతుంది. చివరి గేరు కింద పొటెన్షియోమీటర్ షాఫ్ట్‌తో కలిసే గాడి ఉంటుంది, అది సరిగ్గా కూర్చోకపోతే మధ్య మారిపోతుంది. కొత్త గేర్ సెట్ ధర కొత్త సర్వో ధరకి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి, మోటారు కాలిన ఇంకో సర్వో నుంచి గేర్లు తెచ్చి వెయ్యడమే లాభం. సిలికాన్ గ్రీజు అగ్గిపుల్ల కొనంత చాలు. వంటింటి కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి పేస్టవుతుంది. కదలకుండా ఉన్నప్పుడు కూడా వణికే సర్వో అయితే తప్పు సాధారణంగా గేర్లది కాదు, పొటెన్షియోమీటర్ లోపలి మురికిది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పితే కొన్నాళ్లు సర్దుకుంటుంది. అలాంటిది మళ్లీ ఎలివేటర్‌కి పెట్టకూడదు.

చచ్చిన సర్వోకి అక్కడికక్కడే ప్లగ్ కత్తిరించెయ్యాలి. బావ కత్తిరించడు, "విడిభాగాలకి పనికొస్తుంది" అని అన్నిటినీ ఒకే డబ్బాలో వేస్తాడు. వచ్చే శనివారం రాత్రి బావమరిది అదే డబ్బాలోంచి ఒకటి తీస్తాడు.

"బావా, ఇది పనిచేసేదేనా?"

"ఊపి చూడరా. గలగలమంటే కాదు."

"గలగలమనట్లేదు."

"అయితే పెట్టెయ్."

రాలిన పన్ను గ్రీజులో అంటుకుంటే గలగలమనదు.