తెర మీద కనిపిస్తే సరిపోదు

రోగి శ్వాసనాళంలోకి ఊపిరి ట్యూబు వేసేటప్పుడు గొంతు లోపలిని కెమెరాతో తెర మీద చూపించే పరికరం వీడియో లారింగోస్కోప్. అది ఏదైనా ఒకటేనని, తెర మీద స్వరతంత్రులు కనిపిస్తే పని అయిపోయినట్టేనని ఒక వ్యాసంలో రాశారు. మత్తు డాక్టరుగా ఈ మాట ఒప్పుకోలేను. సీ-మ్యాక్‌కి (ఇదొక రకం వీడియో లారింగోస్కోప్) కొద్దిగా వంగిన మామూలు మెకింటాష్ బ్లేడు, అంటే నోట్లో పెట్టే రేకు, పెడితే మనకున్న పాత అలవాటే పనికొస్తుంది, తెర ఆరిపోయినా చాలాసార్లు నేరుగా నోట్లోకి చూసి ట్యూబు వేసేయొచ్చు. అదే గ్లైడ్‌స్కోప్ లాంటి బాగా వంగిన బ్లేడుతో లోపలంతా చక్కగా కనిపిస్తుంది కానీ ట్యూబు ఆ మలుపు తిరగదు, లోపల స్టైలెట్ (వంచితే అలాగే నిలిచే గట్టి తీగ) పెట్టి దాన్నీ అదే వంపుకి వంచుకోవాలి. మెడ వెనక్కి వంచకూడని రోగికి మాత్రం నేను దీన్నే తీస్తాను.

కొత్తలో తెర వైపే చూస్తూ ట్యూబు తోశాను, మెత్తటి అంగిలి గీరుకుని రక్తం వచ్చింది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి ట్యూబు కొస నాలుక దాటేదాకా నోటినే చూస్తాను, తర్వాతే తెర. రక్తమో వాంతో ఉంటే కెమెరా మసకబారుతుంది, వాటిని పీల్చేసే సక్షన్ గొట్టం చేతికందేలా ఉండాలి.

2023లో అమెరికా ఎమర్జెన్సీ, ఐసీయూల్లో చేసిన ‘డివైస్’ అనే పరిశోధన ఫలితాలొచ్చాయి. మొదటి ప్రయత్నంలోనే ట్యూబు పడింది వీడియోతో 85 శాతం మందికి, కెమెరా లేని మామూలు లారింగోస్కోప్‌తో 71 శాతానికి. కాబట్టి ఆసుపత్రులను వీడియోది కొనమనే అంటాను, కానీ జూనియర్లకి రెండు రకాల బ్లేడ్లూ విడివిడిగా నేర్పించండి.