దుమ్ము దులిపిన ఇల్మాటిక్: ఒక గంభీర పరిశీలన

1994 ఏప్రిల్ 19న న్యూయార్క్‌లో నాస్ అనే 20 ఏళ్ళ రాపర్ కుర్రాడు ఇల్మాటిక్ అని ఒక ఆల్బమ్ వదిలాడు, పది ట్రాకులు, నలభై నిమిషాలు కూడా నిండవు. అందులో సౌండ్ సరిగ్గా లేదన్న సంగతి 2004లో బయటపడింది, పాపం వెంటనే రీమాస్టర్ చేసి పదేళ్ళ ఎడిషన్ అని అమ్మారు. ఆ సరిచేసినదాంట్లో కూడా సౌండ్ సరిగ్గా లేదని 2014లో బయటపడింది, మళ్ళీ రీమాస్టర్ చేసి ఇరవయ్యేళ్ళ ఎడిషన్ అని అమ్మారు. గోదావరి పుష్కరాలకైనా పన్నెండేళ్ళు ఆగాలి, వీళ్ళకి పదేళ్ళు చాలు, పైగా ఇక్కడ మునిగేది నీళ్ళలో కాదు.

దీన్ని వ్యాపారం అనే కుళ్ళుబోతులు కొందరుంటారు, వాళ్ళని పట్టించుకోకండి. ఇది శుద్ధంగా ప్రజాసేవ. ఎందుకంటే 1994లో ది సోర్స్ అనే హిప్‌హాప్ పత్రిక ఈ ఆల్బమ్‌కి ఐదుకి ఐదు మైకులు (వాళ్ళు మార్కులు వేసేది మైకుల్లోనే) ఇచ్చేసింది, అంటే పాపం ఆ రివ్యూ రాసినవాళ్ళు లోపాలున్న సరుకు విని మోసపోయారన్నమాట. నాస్ పెరిగిన పేట క్వీన్స్‌బ్రిడ్జ్ కుర్రాళ్ళు వాక్‌మన్‌లో వేసుకుని క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నారే, వాళ్ళూ మోసపోయినట్టే. విడుదలకి ముందే న్యూయార్క్ వీధుల్లో దొంగ కాపీలు తిరిగాయి, అవి కొన్నవాళ్ళయితే కాపీకి కాపీ విని ఇదే అద్భుతం అనుకున్నారు, వాళ్ళ అజ్ఞానాన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అసలు రీమాస్టర్ అంటే ఏంటో ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే మనోళ్ళలో సగం మంది అది రీమిక్స్ అనుకుంటారు. గొంతు తీసి ఒక పక్కన పెట్టి, డ్రమ్స్ తీసి ఇంకో పక్కన పెట్టి, అన్నీ మళ్ళీ సర్దడం రీమిక్స్. రీమాస్టర్‌లో అంత సీన్ ఉండదు. అప్పటికే కలిపేసి, స్టీరియోగా దించేసిన టేపు ఉంటుంది, దానికి ఈక్వలైజర్‌తో కాస్త ట్రెబుల్ పూసి, బేస్ పూసి, కంప్రెసరూ లిమిటరూ పెట్టి మొత్తం సౌండ్ పైకి నెట్టేస్తారు. వండేసిన పులుసులోంచి ఉప్పు ఒక్కటే వెనక్కి తియ్యలేరు కదా, గిన్నె మొత్తాన్ని వేడి చెయ్యగలరు అంతే. అయినా మా మిత్రుడొకాయన ఉన్నాడు, ఐటీలో పని, మెట్రోలో నెక్‌బ్యాండ్ పెట్టుకుని రీమాస్టర్ విని, "ఒరే, లైఫ్స్ ఎ బిచ్‌లో ఏజీ ఊపిరి పీల్చుకోవడం వినపడుతోందిరా, పాతదాంట్లో ఇది లేనే లేదు" అన్నాడు. ఏజీ అంటే ఆ పాటలో నాస్‌తో కలిసి రాప్ చేసిన కుర్రాడు. పాతదాంట్లో ఏజీ ఊపిరి తీసుకోకుండా పాడాడని ఆయన నమ్మకం. ఆ నెక్‌బ్యాండ్‌లో బ్లూటూత్ ఆ సౌండ్‌ని ఇంకోసారి కుదించి పంపిస్తుందని చెబుదామనుకున్నా, కానీ భక్తుల దగ్గర కొన్ని విషయాలు ఎత్తకూడదు.

ఇక్కడ కొంచెం లోతుకి వెళ్ళాలి, సాంకేతిక విషయం, జాగ్రత్తగా వినండి. ఈ ఆల్బమ్‌కి బీట్లు కట్టినవాళ్ళలో పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్ ఇద్దరూ ఎస్పీ-1200 అనే మెషీన్‌కి పేరుపడ్డవాళ్ళు. ఈము కంపెనీ 1987లో తెచ్చిన సాంప్లర్ అది, అంటే రికార్డులోంచి సౌండ్ ముక్క కోసుకుని మళ్ళీ మళ్ళీ వాయించే పెట్టె. 12 బిట్లు, 26 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ (అంటే సెకనుకి 26 వేలసార్లు సౌండ్‌ని కొలిచి రాసుకోవడం), మెమరీ మొత్తం కలిపి పది సెకన్లు. పది నిమిషాలు కాదండీ, పది సెకన్లే. అందులోనే డ్రమ్ము, బేసు, పియానో ముక్క, అన్నీ ఇరికించాలి. సరిపోక ఆ రోజుల్లో బీట్ కట్టేవాళ్ళు ఏం చేసేవాళ్ళంటే, 33 స్పీడులో తిరగాల్సిన ఎల్పీని 45లో తిప్పి గబగబా రికార్డ్ చేసి, తర్వాత మెషీన్‌లో పిచ్ కిందకి లాగేవాళ్ళు. టైమ్ మిగిలేది, సౌండ్ మాత్రం గరుకుగా, ఇసక కలిసినట్టు అయ్యేది. ఆ గరుకుదనం ఎవరూ డిజైన్ చెయ్యలేదు, మెమరీ చాలక వచ్చింది, వచ్చాక అదే స్టైల్ అయి కూర్చుంది, న్యూయార్క్ సౌండ్ అంటే ఇదీ అని ప్రపంచమంతా చెప్పుకునే స్థాయికి.

ది వరల్డ్ ఈజ్ యువర్స్ వినండి. ఆ పియానో అహ్మద్ జమాల్‌ది, 1970 నాటి జాజ్ రికార్డు మీదది. పీట్ రాక్ దాంట్లోంచి చిటికెడు తీసి తిప్పుతూనే ఉంటాడు, కింద డ్రమ్ము దబ్బుమని పడుతూ ఉంటుంది, హుక్, అంటే పల్లవి, కూడా ఆయనే పాడేశాడు, పైన నాస్ ఎక్కడా తొందరపడకుండా చెప్పుకుంటూ పోతాడు. ఆ పియానో ఒక పాత ఎల్పీ మీది గాడిలోంచి, సూదిలోంచి, సాంప్లర్‌లోంచి, టేపులోంచి దాటి వచ్చింది, ప్రతి చోటా కాస్త మట్టి అంటించుకుంటూ. ఆ మట్టే కదా పాట! ఇప్పుడు దాన్ని కడిగి ఇస్తాం అంటున్నారు.

పైగా ఇలాంటి పాత ఆల్బమ్‌లని హైరెజ్ అని ముద్ర వేసి 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ ఫైళ్ళుగా అమ్ముతున్నారు చూడండి, ఆ లెక్క నాకు మహా ముచ్చటేస్తుంది. 26 కిలోహెర్ట్జ్‌లో శాంపిల్ చేసినదాంట్లో అసలు సరుకు 13 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, ఇది నేను పెట్టిన రూలు కాదు, శాంప్లింగ్ లెక్క, సగం పైన ఏమీ దాచుకోలేదు. నాస్ గొంతు వేరే, అది మైకులోంచి నేరుగా వచ్చింది, దాని సంగతి నేను ఒప్పుకుంటా. కానీ సాంప్లర్‌లోంచి వచ్చిన ఆ పియానోకి, ఆ స్నేర్ డ్రమ్ముకి 13 పైన నుంచి 48 దాకా అంత పెద్ద బంగళా కట్టి ఎవరిని ఉంచుతారు? ఖాళీ గదులకి అద్దె కడుతున్నాం మనం.

సరే, ఉందనే అనుకుందాం, ఎవరికి వినపడాలి? 1994లో కొన్నవాళ్ళకి అప్పుడు ఇరవై, ఇప్పుడు యాభై దాటింది. వయసుతోపాటు చెవిలో ముందు పోయేది పై శ్రుతులే, యాభై దాటాక 15 కిలోహెర్ట్జ్ పైన చాలామందికి నిశ్శబ్దమే. అంటే డబ్బులు పెట్టి కొనే స్తోమత వచ్చినవాడికి వినపడదు, వినపడే వయసున్న కుర్రాడు ఫోన్ స్పీకర్లో వింటాడు. కాబట్టి నా వినతి ఏంటంటే, ఇకమీదట ఆల్బమ్‌ని వదిలేసి శ్రోతల చెవులని పదేళ్ళకోసారి రీమాస్టర్ చెయ్యాలి. డీలక్స్ ఎడిషన్ తీసుకున్నవాళ్ళకి కుడి చెవి ఫ్రీ.

ఇంకో తమాషా ఉంది. రీమాస్టర్ అనగానే మొదట చేసే పని సౌండ్ పెంచడం, పాత సీడీ పక్కన పెట్టి వింటే కొత్తది గట్టిగా ఉంటుంది కాబట్టి మన చెవి "ఆహా, ఇదే బాగుంది" అనేస్తుంది, ఇది మనిషి బలహీనత. లిమిటర్ పెట్టి మెల్లగా ఉన్నదాన్నీ గట్టిగా ఉన్నదాన్నీ ఒకే ఎత్తుకి తెచ్చేస్తారు, పాపం స్నేర్ కొట్టినప్పుడు ఉలిక్కిపడే అవకాశం కూడా ఉండదు. అంత కష్టపడి పెంచి స్పాటిఫైలో పెడితే ఏమవుతుంది? అది అన్ని పాటలనీ మైనస్ 14 అనే లెవెల్‌కి సర్దేస్తుంది, ఎక్కువ గట్టిగా ఉన్నదాన్ని కిందకి దించేస్తుంది. ఇంజనీరు పెంచాడు, యాప్ తగ్గించింది, మధ్యలో పోయింది ఆ స్నేర్ దెబ్బ. తగ్గించిన మేరకి రేటు కూడా తగ్గించమని ఎవరూ అడగట్లేదు ఎందుకో.

అయితే శుద్ధి కార్యక్రమం ఇక్కడితో ఆగలేదు. 2013లో హార్వర్డ్‌లో నాస్ పేరు మీద హిప్‌హాప్ ఫెలోషిప్ పెట్టారు. 2014లో వాషింగ్టన్ కెన్నెడీ సెంటర్లో నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో ఈ ఆల్బమ్ పాడించారు. ఒక్కసారి ఆలోచించండి. ఆర్కెస్ట్రా పెట్టుకునే స్తోమత లేక ఎవరిదో రికార్డులోంచి రెండు సెకన్లు కోసుకుని తిప్పుకున్న సంగీతం అది, అదే తిప్పుడుని ఇప్పుడు ఇంతమంది శాస్త్రీయ సంగీతం నేర్చిన మనుషులు వయొలిన్లు పట్టుకుని, నోట్స్ చూసుకుంటూ వాయిస్తున్నారు, అంటే అహ్మద్ జమాల్‌ని అనుకరించిన మెషీన్‌ని అనుకరిస్తున్నారు. ఇంతకన్నా పెద్ద రీమాస్టర్ ఇంకోటి ఉండదు. చివరికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు కూడా 2021లో తమ జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చుకున్నారు, పోలీసులని చూస్తే పరిగెత్తాల్సిన వీధి గురించి రాసుకున్న పాటలు ఇప్పుడు గవర్నమెంటు కాపలాలో ఉన్నాయి.

నేను వద్దనట్లేదు, గౌరవం రావాల్సిందే, ఇంకా ముందే రావాల్సింది. కానీ వన్ లవ్ అనే పాట ఉంది, జైల్లో ఉన్న స్నేహితులకి నాస్ రాసే ఉత్తరాలు. బయట ఏం జరుగుతోందో చెబుతాడు, నీ కొడుకు పుట్టాడు, నీ పోలికే అంటాడు, ఎవడు ఎవడిని చూడటానికి రావట్లేదో చెబుతాడు. క్యూ-టిప్ కట్టిన బీట్ అది, హీత్ బ్రదర్స్ అనే జాజ్ బృందం రికార్డులోంచి తీసిన, వేళ్ళతో మీటే చిన్న వాయిద్యం టింగు టింగు మంటూ ఉంటుంది. ఈ పాటని పాత క్యాసెట్‌లో విన్నా, ఫోర్‌కే ఎయిట్‌కే దేంట్లో విన్నా ఆ ఉత్తరం అదే. జైల్లో ఉన్నవాడికి అక్షరాలు కాస్త షార్ప్‌గా కనపడితే ఒరిగేదేం లేదు.

మనకి ఈ రోగం కొత్తేం కాదులెండి. హైదరాబాద్‌లో ఏ హీరో పుట్టినరోజొచ్చినా పాత సినిమా ఫోర్‌కేలో మళ్ళీ వేస్తారు, థియేటర్లో కాగితాలు ఎగరేసి అరుస్తారు, ఆ అరుపుల్లో కొత్త సౌండ్ మిక్స్ ఒక్క ముక్క వినపడదు. వాళ్ళని మాత్రం నేను మెచ్చుకుంటా, ఎందుకంటే వాళ్ళు వచ్చింది అరవడానికే, ఎవడూ బయటికొచ్చి "మిడ్‌రేంజ్ ఓపెన్ అయింది మామా" అనడు.

ఇంతకీ ఆ 2014 సెట్‌లో రెండో డిస్క్ ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. డెమోలు, రీమిక్స్‌లు, వాటితోపాటు 1993 అక్టోబర్‌లో డబ్ల్యూకేసీఆర్ కాలేజీ రేడియోలో, స్ట్రెచ్ ఆర్మ్‌స్ట్రాంగ్, బాబిటో అనే ఇద్దరు నడిపిన షోలో చేసిన ఫ్రీస్టైల్, అంటే పాట కట్టుబాట్లేం లేకుండా బీటు మీద చేసే రాప్. ఆల్బమ్ రావడానికి ఇంకా నెలలున్నాయి, రేడియో మైకు, పక్కన జనం, సౌండ్ అంతా మసక మసకగా, కుర్రాళ్ళు ఒకరి మీద ఒకరు పడి రాప్ చేసేస్తుంటారు. ఆ సెట్ మొత్తంలో నేను మళ్ళీ మళ్ళీ పెట్టుకునేది అదే. దాన్ని మాత్రం కడక్కుండా ఎలా వదిలేశారో అర్థం కాలేదు, ఆ రోజు ఇంజనీరుగారు సెలవులో ఉన్నట్టున్నారు.