ఆ ఖర్చు ఎవరి లెక్కలో?

పాత కారు అమ్మేవాడికి గేరు మార్చినప్పుడల్లా వచ్చే చప్పుడు సంగతి బాగా తెలుసు. కొనడానికి వచ్చినవాడితో ఆ మాట చెప్పాలా? ‘అడిగితే చెబుతాను’ అనుకుంటాడు. అవతలివాడు అడగడు, అడగాలని అతనికి తెలియదు. బేరం కుదురుతుంది. అమ్మినవాడు అబద్ధమాడలేదు, దొంగతనం చేయలేదు. పది ఆజ్ఞలను ఒక్కొక్కటిగా ముందు పెట్టుకుని చూసుకున్నా పట్టుబడడు. ఆదివారం నిశ్చింతగా ప్రార్థనకు వెళ్లవచ్చు.

క్రైస్తవ నీతి అనగానే చాలామందికి, విశ్వాసులకు సైతం, నిషేధాల పట్టికే గుర్తొస్తుంది. సువార్తలను వరసగా చదివితే మరో సంగతి కనబడుతుంది. పట్టుబడిన పాపులతో యేసు మెత్తగానే మాట్లాడతాడు. ఆయన గొంతు పెరిగేది సాకులు వినబడిన చోట. మార్కు సువార్త 7వ అధ్యాయంలో వచ్చే కొర్బాను సంగతే చూడండి. తల్లిదండ్రులను ఆదుకోవడానికి పనికొచ్చే సొత్తును ‘ఇది కొర్బాను’ అనేస్తే, అంటే దేవునికి అర్పితమని ప్రకటిస్తే, ఇక వారికి ఏమీ చేయనక్కర్లేదని కొందరు బోధకులు దారి చూపారు. భక్తికి లోటు లేదు, నియమం తప్పలేదు, ముసలివాళ్లకు మాత్రం దిక్కు లేదు. మత్తయి 23లో ఒట్ల సంగతీ ఇలాంటిదే. దేవాలయం తోడని ఒట్టు పెడితే కట్టుబడనక్కర్లేదట, దేవాలయంలోని బంగారం తోడంటే మాత్రం కట్టుబడాలట. చదివితే నవ్వొస్తుంది. ఒప్పంద పత్రాల అడుగున భూతద్దానికి కూడా అందని అక్షరాలతో షరతులు అచ్చువేసుకునే మనం మరీ ఎక్కువ నవ్వకపోవడమే మంచిది.

ఒట్ల గొడవకు యేసు కొండమీది ప్రసంగంలో జవాబు ఉంది: “మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను.” 17వ శతాబ్దంలో ఇంగ్లండులో పుట్టిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు ఈ మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్నారు. ఒట్టు వేస్తేనే నిజం చెబుతామంటే మిగతా వేళల్లో చెప్పనట్టే కదా అన్నది వారి వాదం. కోర్టులో ప్రమాణం చేయమంటే చేయలేదు, అందుకు జైళ్లకు వెళ్లారు. వారి అంగళ్లలో జరిగింది ఇంకా ఆసక్తికరం. బేరమాడే అమ్మకందారు పైకి పది అంటాడు, లోపల ఏడుకు సిద్ధంగా ఉంటాడు. మరి ఆ పది అన్న మాట అవునా, కాదా? కాదని తేల్చుకున్న క్వేకర్లు ఒకటే ధర చెప్పి దాని మీదే నిలబడ్డారు. మొదట్లో వారి దగ్గర కొనడానికి జనం జంకారు. తరువాత, చిన్నపిల్లను పంపినా పెద్దవాళ్లు వెళ్లినంత న్యాయంగానే సరుకు వస్తుందని తెలిసి వెతుక్కుంటూ వచ్చారు. వారి నాయకుడు జార్జి ఫాక్స్ తన దినచర్య గ్రంథంలో రాసుకున్న సంగతి ఇది.

సాకు కూడా ఊరుకోదు, చదువుకుంటుంది. సగం వాక్యం పైకి చెప్పి తక్కిన సగం మనసులో అనుకుంటే అబద్ధం కిందికి రాదని 16వ శతాబ్దం చివర్లోనే కొందరు కాథలిక్ పండితులు సిద్ధాంతం కట్టారు. ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్ 1656–57లో రాసిన లేఖల్లో ఇలాంటి తర్కాన్ని ఉతికి ఆరేశాడు. 1679లో పోపు పదకొండవ ఇన్నోసెంట్ ఆ వాదాన్ని ఖండించాడు. కారు అమ్మిన మన మిత్రుడికి ఈ చరిత్ర తెలియదు. అయినా అదే విద్య చక్కగా వచ్చు.

మరి అన్నివేళలా ఉన్న నిజం చెప్పి తీరవలసిందేనా? ఒక ప్రాణం కాపాడటానికైనా అబద్ధం కూడదన్నాడు ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీను. ఇక్కడ బైబిలే ఆయనకు అడ్డొస్తుంది. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు హెబ్రీయుల మగపిల్లలను చంపమన్న ఈజిప్టు రాజు ఫరో ఆజ్ఞను పాటించరు. ఎందుకని నిలదీస్తే, హెబ్రీ స్త్రీలు తాము వెళ్లేలోపే ప్రసవిస్తున్నారని చెప్పి తప్పించుకుంటారు. దేవుడు వారికి మేలు చేశాడని ఆ కథ చెబుతుంది. అబద్ధానికి కాదు, వారు చూపిన దయకే ఆ మేలు అని అగస్టీను సర్దిచెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోని లె షాంబోన్ అనే పల్లె, ఆంద్రే త్రోక్మే అనే పాస్టరు అండతో, యూదులను ఇళ్లలో దాచింది. వారి కోసం దొంగ గుర్తింపు పత్రాలు తయారయ్యాయి. అగస్టీను కొలత ప్రకారం అవన్నీ పాపాలే.

ఈ విషయంలో నాకు అగస్టీను పొరబడ్డాడనే అనిపిస్తుంది. అయితే ఆయన భయం ఉత్తది కాదు. ఒక్క మినహాయింపు ఇస్తే ప్రతి అబద్ధాలకోరూ అందులో దూరతాడు. అందుకే నాకు పనికొచ్చే గీటురాయి ఒకటే. ఈ నిర్ణయం తాలూకు ఖర్చు ఎవరి మీద పడుతోంది? మంత్రసానులు తమ తలలు పణంగా పెట్టారు. లె షాంబోన్ వాసులు తమ ఇళ్లను, ప్రాణాలను పణంగా పెట్టారు. కారు అమ్మినవాడు మాత్రం గేరుపెట్టె మరమ్మతు ఖర్చును ముక్కూ ముఖం తెలియని మరో మనిషి నెత్తిన పెట్టాడు.

ఈ గీటురాయి నా సొంతమేమీ కాదు. దొంగల దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని ఆదుకున్నవాడి గురించి యేసు చెప్పిన మంచి సమరయుడి కథలో జాలి గురించి మనం చాలా మాట్లాడుకుంటాం, డబ్బు లెక్క వదిలేస్తాం. అతడు పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారాలు పెడతాడు. కూలివాడి దినకూలి ఒక దేనారం. అక్కడితో ఆగకుండా, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇస్తాడు. పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్య నోటి మాటతో పశ్చాత్తాపపడి సరిపెట్టుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

క్షమాపణ అనే గొప్ప మాట దగ్గర కూడా ఇదే అడగాలి. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీతో సంఘ పెద్దలు ‘క్షమించి కాపురం చేసుకో అమ్మా’ అంటే, ఆ సలహా ఖర్చంతా ఆమె వంటి మీదే పడుతుంది. పెద్దలకు పైసా ఖర్చు లేదు, సంఘం పరువూ దక్కుతుంది. కొర్బాను మళ్లీ వచ్చినట్టే. బలిపీఠం దగ్గరి మాటను ఇక్కడ సరిగ్గా చదవాలి. కానుక తెచ్చినవాడికి తన మీద సహోదరుడికి ఫిర్యాదు ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. లేచి నడిచి వెళ్లవలసింది ఎవరి మీద ఫిర్యాదు ఉందో ఆ మనిషే.

బైబిల్లో అపొస్తలుడు పౌలు ఫిలేమోనుకు రాసిన పత్రిక (ఉత్తరం) ఒక్క అధ్యాయమే. ఒనేసిము అనే దాసుడిని యజమాని అయిన ఆ ఫిలేమోను దగ్గరికి తిరిగి పంపుతూ రాసిన ఉత్తరం అది. అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించిన బోధకులు 19వ శతాబ్దంలో దీన్నే చేతబట్టుకుని, పారిపోయిన బానిసను యజమానికి అప్పగించడం ధర్మమని ప్రసంగాలు చేశారు. తిరిగి పంపాడన్న మాట వారికి చాలింది. దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకోమన్న 16వ వచనం వారికి అడ్డు రాలేదు. ఒనేసిము వల్ల నష్టమేమైనా జరిగి ఉంటే, అప్పేమైనా ఉంటే, “అది నా లెక్కలో చేర్చుము” అంటుంది 18వ వచనం. తీర్చేది తానేనని మాట ఇస్తూ, ఆ తరువాతి వాక్యాన్ని పౌలు తన సొంత చేతితో రాశాడు.