సి షిఫ్ట్ పిల్లి

మా ఇంట్లో రోజుకి రెండు నిమిషాల పని ఒకటుండేది. బాల్కనీ మూల పాత నీలం బేసిన్, దాంట్లో ఇసుక, పక్కన చిల్లుల గరిటె. (దాంతో పూరీలు తియ్యడం మానేసి చాలా కాలమైంది, కంగారు పడకండి.) పొద్దున్నే పిల్లిగారి ఘనకార్యాన్ని గరిటెతో ఎత్తి, కవర్లో మూటకట్టి, చెత్త బండికి ఇచ్చెయ్యాలి. అంతే. మావారు ముప్ఫై నాలుగేళ్ళు విశాఖ స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాక ఇంటిపనుల్లో ఆయన వాటాకి వచ్చింది ఇదొక్కటే. ఆ ఒక్కటీ కూడా మెషీన్‌కి అప్పగించాలని ఆయనకి బుద్ధి పుట్టింది.

పిల్లి పేరు పులస. రెండేళ్ళ కిందట శ్రావణంలో, వాన దంచి కొడుతుంటే, ఎంవీపీ కాలనీ రైతు బజారు నుంచి వచ్చి స్కూటీ స్టాండు వేస్తున్నాను. సీటు కింది నుంచి సన్నగా ఏడుపు. చూస్తే గుప్పెడంత పిల్లి కూన. వెండి రంగు, వాన నీళ్ళతో పాటు వచ్చింది, పైగా నేను గోదావరి పిల్లని. పులస కాక ఇంకేం పేరు పెడతాను? పుస్తెలమ్మయినా పులస తినాలంటారు మా వైపు. ఈ పులస కోసం కూడా పుస్తెల దాకా వస్తుందని అప్పుడు తెలీలేదు.

మెషీన్ ఖరీదు ఎంతండీ అని అడిగితే, "నీ పట్టుచీరలు రెండు" అన్నారు. తర్వాత బీరువాలో ఫైలు సర్దుతుంటే బిల్లు దొరికింది. అయిదు చీరలు, బ్లౌజు కుట్టుకూలితో సహా.

అట్టపెట్టెని ఇద్దరు కుర్రాళ్ళు మోసుకొచ్చారు. విప్పితే లోపల ఒక పెద్ద తెల్లటి గోళం, దానికి గుండ్రటి నోరు. బీచ్ రోడ్డులో ఒడ్డున కూర్చోబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూరడానికి గుండ్రటి కంతలుంటాయి చూడండి, అచ్చం అలాగే ఉంది. మా పనావిడ చీపురు కింద పెట్టి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఏటమ్మగారూ ఇది? పిల్లికి వాషింగు మిషనా?"

"కాదు, మరుగుదొడ్డి."

"ఓలమ్మో! కరెంటుదా?"

మావారు అందుకున్నారు. పిల్లి లోపలికి వెళ్తే అడుగున ఉన్న సెన్సార్ బరువు చూస్తుందట. పని చూసుకుని బయటికి వచ్చాక కొన్ని నిమిషాలు ఆగుతుందట. అప్పుడు గోళం మెల్లగా తిరుగుతుంది. మంచి ఇసుక జల్లెడలోంచి కిందికి దిగిపోతుంది, గడ్డలు మాత్రం మిగిలి అడుగున ఉన్న సొరుగులో పడతాయి. మధ్యలో పిల్లి మళ్ళీ తల పెట్టిందంటే టక్కున ఆగిపోతుంది. ఎవరు వచ్చారు, ఎన్నిసార్లు వచ్చారు, ఎంత బరువున్నారు, అన్నీ ఫోన్‌కి వచ్చేస్తాయి. ఆవిడ అంతా శ్రద్ధగా విని, "మరి మిషన్ని ఎవులు కడగతారు బాబూ?" అంది. "అదే కడుక్కుంటుంది" అన్నారీయన. ఆవిడ నమ్మలేదు. ఆ అపనమ్మకం ఎక్కడికి దారి తీస్తుందో ఆ పూట నాకు తట్టలేదు.

ఇక కమిషనింగ్. మామూలుగా స్విచ్ వేస్తే సరిపోయేది. కానీ స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి కదా, అదే వరసలో దీనికీ ఒక నది పేరు పెడదామన్నారు. పిల్లి ఉచ్చపోసే డబ్బాకి నది పేరు పెడితే నేను పుట్టింటికి వెళ్ళిపోతానన్నాను. పేరు మానుకున్నారు, కొబ్బరికాయ మాత్రం మానలేదు. ట్రయల్ రన్‌కి పులసంత బరువు ఉండాలని మూడు కిలోల కందిపప్పు సంచి లోపల పెట్టారు, తీశారు, చెంచాడు నీళ్ళు పోసి గడ్డ కట్టించారు. గోళం గుర్రుమంటూ తిరిగింది. సొరుగులో గోలీ అంత గడ్డ పడింది. ఈయన కళ్ళల్లో నీళ్ళు. మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా ఇంత కదిలిపోలేదు మనిషి.

ఇసుక గురించి ఉపన్యాసం వేరే. పూర్వం అందరూ బూడిదో ఇసుకో వాడేవారట. 1947లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, పొరుగావిడ ఇసుక అడగడానికి వస్తే ఎడ్వర్డ్ లో అనే ఆయన ఎండబెట్టిన మట్టి గుళికలు ఇచ్చి పంపాడట. అవి బాగా పీల్చుకుంటున్నాయని అదో పెద్ద వ్యాపారం అయిపోయిందట. అంటే మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే అక్కడి పిల్లులకీ విముక్తి దొరికిందన్నమాట. తడి తగలగానే గడ్డకట్టే రకం 1980లలో వచ్చింది. అది బెంటొనైట్ మట్టి. మన దేశంలో గుజరాత్‌లోని కచ్ వైపు దొరుకుతుంది. "ఫౌండ్రీలో అచ్చుల ఇసుక గట్టిగా పట్టడానికి కలిపేది ఇదేనోయ్!" అని సంచిలోంచి చారెడు తీసి, చిన్నప్పటి స్నేహితుణ్ణి చూసినట్టు చూశారు. బెంటొనైట్ గురించి ఈయనకి తెలియంది లేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

పులస మటుకు మెషీన్‌కి మూడు గజాల దూరంలో కూర్చుని చూసింది. గోళం తిరిగినప్పుడల్లా చెవులు వెనక్కి. ఓపిక పట్టాలి, అలవాటు చెయ్యాలి అని ఈయన పాత బేసిన్‌లోని ఇసుక కాస్త తెచ్చి లోపల చల్లారు. మూడో రోజు పొద్దున్నే ఫోన్ మోగింది: రాత్రి ఒకసారి వాడారు! ఈయన ఆనందం చూడాలి. ఆ పూటే పాత బేసిన్ ఎత్తి అటక మీద పెట్టేశారు. హైదరాబాదులో ఉన్న అమ్మాయికి రోజూ షిఫ్ట్ రిపోర్టు. ఎ షిఫ్ట్ నిల్, బి షిఫ్ట్ నిల్, సి షిఫ్ట్, అంటే రాత్రిపూట, ఒకటి. సొరుగు ఖాళీ చెయ్యడాన్ని, ఫర్నేసులోంచి కరిగిన ఇనుము బయటికి తీసినట్టు, "ట్యాపింగ్" అనేవారు. "నాన్నా, నేను మీటింగ్‌లో ఉన్నాను, ఆ ఫొటోలు పెట్టకు" అని అది బతిమాలుకునేది.

నాలుగో రోజు ఈయన మొహం వాడిపోయింది. "పులస అయిదు కిలోల రెండొందలుందట."

"నిన్న మొన్నటిదాకా మూడున్నర కదండీ?"

"అదే. ఒంటికి నీరు పట్టిందేమో."

నాకూ టెన్షన్ పట్టుకుంది. బుట్టలో కుక్కి, ఆటోలో జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. దారి పొడుగునా పులస పెట్టిన పెడబొబ్బలకి మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ అంతా మా వైపే చూసింది. డాక్టరు కాటా మీద పెట్టారు. మూడు కిలోల నాలుగొందలు. పొట్ట నొక్కి చూశారు, కళ్ళు చూశారు, బాగానే ఉందన్నారు. "మీ ఇంట్లో కాటా పాడైందేమో" అన్నారు. అంతే, ఈయనకి తిక్క రేగింది. కందిపప్పుతో సరిచూసిన కాటా అది! ఇంటికొచ్చి మళ్ళీ పప్పు సంచి పెట్టారు. మూడు కిలోలంటే మూడు కిలోలే చూపించింది.

చాలాసేపు గడ్డం గోక్కుని, "సి షిఫ్ట్‌లో ఎవరో బయటి మనిషి వస్తున్నాడు" అని తేల్చారు.

ఆ రాత్రి ఫ్లాస్కులో కాఫీ, మోచేతి దగ్గర టార్చి, బాల్కనీ తలుపు వెనకాల రెండు కుర్చీలు. సముద్రపు గాలికి నాకు కునుకు పట్టేసింది. రెండు దాటాక ఈయన మోచేత్తో పొడిచారు. ప్రహరీ మీంచి బాదం చెట్టు మీదికి, చెట్టు మీంచి మా బాల్కనీ గోడ మీదికి ఒక గండుపిల్లి దిగింది. నలుపు తెలుపు మచ్చలు, ఒక చెవి సగం లేదు, రౌడీ షీటర్ మొహం. మెషీన్‌ని వాసన కూడా చూడలేదు. సొంత ఇంట్లోకి నడిచినట్టు కంతలోంచి లోపలికి వెళ్ళాడు, ఒక చుట్టు తిరిగాడు, కూర్చున్నాడు, తీరిగ్గా కప్పెట్టాడు, బయటికి వచ్చి ఒళ్ళు విరుచుకుని, తలుపు సందులోంచి మమ్మల్ని ఒకసారి చూసి, వచ్చిన దారినే పోయాడు. కొన్ని నిమిషాలకి గోళం గుర్రుమంది.

"చూశావా, ప్రొసీజర్ అంతా తెలుసు వాడికి!" అన్నారీయన. కోపం వస్తుందనుకున్నాను. గొంతులో మెచ్చుకోలు వినపడింది.

నాకు ఇంకో అనుమానం వచ్చింది. మెషీన్‌లోకి వెళ్ళేది వాడైతే, మరి మన పులస ఎక్కడికి వెళ్తున్నట్టు?

సమాధానం మర్నాడు మధ్యాహ్నం చారులోకి కొత్తిమీర తెంపుతుంటే దొరికింది. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలొచ్చే థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి, మట్టి పోసి, ఈయనే కొత్తిమీర వేశారు. ఈమధ్య ఒక పక్క మహా ఏపుగా పెరుగుతోంది. "కంపోస్టు వేశానుగా" అని మురిసిపోయేవారు కూడా. నేను వేళ్ళతో సహా పీకాను. ఆ వారం మా ఇంట్లో చారు, పెరుగు పచ్చడి, గుత్తి వంకాయ, అమ్మాయికి పార్సెల్ పంపిన కొత్తిమీర కారం... మధ్యలో లెక్కపెట్టడం మానేశాను. అమ్మాయికి ఇంతవరకూ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఇదంతా అయ్యాక, మనసు కుదుటపడాలని ఒక శనివారం సింహాచలం వెళ్ళాం. తాళం పనావిడకి ఇచ్చాం. వారం రోజులుగా ఆ మెషీన్‌ని ఎవరూ కడగకపోవడం ఆవిడ చూస్తూనే ఉంది. అంట్ల గిన్నె ఒక పూట ఉండిపోతే ఊరుకోని మనిషి. మేమొచ్చేలోగా శుభ్రంగా తోమి పెడదామనుకుంది పాపం. తెలివిగా ముందు ప్లగ్గు పీకేసింది. తర్వాత గుప్పెడు సర్ఫు, రెండు బకెట్ల నీళ్ళు, ఆ గుండ్రటి కంతలోంచి లోపలికి.

లోపల ఏడు కిలోల బెంటొనైట్ ఉంది.

మేం తలుపు తీసేసరికి బాల్కనీలో ఆవిడ మోచేతుల దాకా బూడిదరంగు పూతతో నిలబడి ఉంది. అప్పన్న స్వామి చందనం పూత చూసొచ్చిన కళ్ళకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. గోళం నోట్లోంచి మినప రుబ్బులాంటి ముద్ద మెల్లగా, చాలా మెల్లగా పొంగుకొస్తోంది.

"ఎంత కడిగినా తరగట్నేదమ్మగారూ! పెరగతంది! నాను తోడి పోస్తన్నాను, అది ఊరతంది!"

"ఎక్కడ పోశావు?" ఈయన గొంతు పీలగా వచ్చింది.

ఆవిడ చీపురుతో బాల్కనీ తూము చూపించింది. "సగం ఎల్లిపోనాది బాబూ. చీపురుతో తోసీసినాను."

మావారు మెల్లగా కుర్చీలో కూలబడ్డారు. నీళ్ళు తగిలితే బెంటొనైట్ ఎంత ఉబ్బుతుందో తెలిసిన మనిషి కాబట్టి, తూములోకి తొంగి చూడాల్సిన అవసరం కూడా ఆయనకి లేకపోయింది.

సాయంత్రం అయిదింటికి కాలింగ్ బెల్ మోగింది. కింద ఇంట్లో ఉండే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్ళో కరెంటు, నీళ్ళు లేక అల్లాడిన రోజుల్లో కూడా నవ్వుతూ కనిపించిన మనిషి. ఆయన మొహంలో నవ్వు లేదు, లుంగీ మోకాళ్ళ పైకి ఉంది. మా పై వాళ్ళు వదిలే నీళ్ళన్నీ వాళ్ళ బాత్‌రూమ్ జాలీలోంచి పైకి తంతున్నాయట.

ప్లంబర్ వచ్చాడు. వెదురు బద్ద పెట్టి పొడిచాడు, మూత తీసి చాంబర్‌లోకి చెయ్యి పెట్టి గుప్పెడు ముద్ద పైకి తీశాడు. పిసికి చూశాడు, వేళ్ళ మధ్య రాసి చూశాడు.

"ఏటి బాబూ, పైపులో సిమెంటు పోసినారేటి?"

"సిమెంటు కాదయ్యా, బెంటొనైట్" అన్నారీయన. ఇక ఆగలేదు. బోర్లు తవ్వేటప్పుడు గోడలు కూలకుండా దీని బురదే పోస్తారని, చెరువు అడుగు నుంచి నీళ్ళు ఇంకిపోకుండా ఇదే పరుస్తారని, తడిస్తే ఉబ్బి సందులన్నీ మూసేస్తుందని, సెక్రటరీ గారు పక్కనే ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా పూర్తిగా చెప్పారు.

ప్లంబర్ అంతా విని, చెయ్యి దులుపుకుని, "మరి తెలిసే ఉంచినారా?" అన్నాడు.

రెండు రోజులు పట్టింది. ఒక బెండు పైపు కోసి మార్చాల్సి వచ్చింది. ఇంకో చీర.

నీలం బేసిన్ అటక దిగింది. పులస దాంట్లోకి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా వెళ్ళి కూర్చుంది. చిల్లుల గరిటె మళ్ళీ ఈయన చేతికే. పనావిడ ఇప్పటికీ ఆ మెషీన్ పక్కనుంచి వెళ్ళేటప్పుడు కొంగు దగ్గరికి లాక్కుంటుంది. దాన్ని అమ్మేద్దామండీ అంటే, "వాడుతున్నవాడు ఉన్నాడుగా" అన్నారు. లోపలంతా కడిగి, ఎండబెట్టి, కొత్త సంచి విప్పి పోశారు. ఇప్పుడు బెంటొనైట్‌కి నెలనెలా డబ్బు కడుతున్నది మేము. వాడుతున్నది మచ్చలోడు, సి షిఫ్ట్‌లో, రోజూ రెండింటికి.

మొన్న రాత్రి ఫోన్ వెలుగుకి మెలకువ వచ్చింది. ఈయన కళ్ళజోడు పెట్టుకుని మంచం మీద లేచి కూర్చున్నారు.

"నాలుగు కిలోల తొమ్మిదొందలకి పడిపోయాడు. సరిగ్గా తింటున్నట్టు లేదు."

"మన పిల్లి కాదు కదండీ, పడుకోండి."

పడుకున్నారనే అనుకున్నాను. పొద్దున్న వంటింట్లో చూస్తే ఎండు నెత్తళ్ళ డబ్బా మూత తీసే ఉంది, సగం ఖాళీ.