కుక్క నోరు విప్పదు, సీసా నోరు మూయదు

ఒక మందు సురక్షితమో కాదో తేల్చడానికి లోకం ఇంత యాతన ఎందుకు పడుతుందో నాకు అర్థం కాదు. ఏళ్ల తరబడి పరీక్షలు, ఎవరికి అసలు మందు పోశారో ఎవరికి ఉత్త నూనె పోశారో చివరిదాకా ఎవరికీ తెలియకుండా దాచిపెట్టడాలు, ఆ తర్వాత లెక్కలు, ఆ లెక్కల మీద ఇంకొకళ్ల తగాదాలు. అదే కుక్కలకు అమ్మే హెంప్ నూనె విషయం చూడండి, ఎంత హాయో. సాక్షి ఎవరు? కుక్క. మాట్లాడుతుందా? మాట్లాడదు. ఫిర్యాదు లేదు కాబట్టి ఇబ్బంది లేదు. కేసు కొట్టేశారు.

మా వాడికి 11 ఏళ్లు, 24 కిలోలు, వెనక కాళ్ల కీళ్లు అరిగాయి. పొద్దున్నే ముందు కాళ్లు లేస్తాయి, వెనక కాళ్లు కాసేపు ఆలోచించుకుని లేస్తాయి. రోజూ అది చూస్తూ మనసు ఊరుకోదు కదా, నేనూ ఒక సీసా తెప్పించాను. లేబుల్ మీద నవ్వుతున్న కుక్క బొమ్మ (నవ్వుతోందో, ఉక్కకు రొప్పుతోందో ఫోటో తీసినవాడికే తెలియాలి), దాని కింద "వంద శాతం సహజం". సహజం అన్నాక ఇంకేం అడుగుతాం? ఉమ్మెత్తకాయ సహజమే, గన్నేరుపప్పు సహజమే, పాము విషం అన్నిటికన్నా సహజం.

అసలు కిటుకంతా పేరులో ఉంది. మన భాషలో ఆ మొక్క పేరు గంజాయి. "మా కుక్కకు రెండు పూటలా గంజాయి నూనె వేస్తున్నాం" అని చుట్టాల ముందు అని చూడండి, మర్నాటి నుంచి ఫోన్లు ఎత్తరు. హెంప్ అనండి, వాళ్లే లింకు పంపమంటారు. రెండూ ఒకే జాతి, కానబిస్ సటైవా. మత్తెక్కించే టీహెచ్‌సీ ఎంత ఉందన్నదే తేడా. ఎండబెట్టిన మొక్క బరువులో అది 0.3 శాతం మించకపోతే హెంప్, మించితే గంజాయి అని అమెరికా 2018 ఫార్మ్ బిల్లులో రాసుకుంది. తులసివనంలో గంజాయి మొక్క సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో చుక్క పెట్టి మరీ చెప్పారన్నమాట. కాకపోతే ఆ గీత పొలంలో మొక్క కోసం గీసింది, కుక్క పొట్ట కోసం కాదు. 30 మిల్లీలీటర్ల నూనెలో ఆ 0.3 శాతమూ నిండుగా ఉందనుకోండి, 80 మిల్లీగ్రాముల పైమాటే. ఏ 5 కిలోల కుక్కో ఆ సీసా కొరికి మొత్తం నాకేసిందంటే ఆ బిల్లు ప్రకారం అది నికార్సైన హెంప్ తాగింది, కానీ చూడబోతే నిలబడ్డ చోటే ఊగుతుంటుంది, నడిస్తే తూలుతుంది, తనకు తెలియకుండానే చుక్కలు చుక్కలుగా మూత్రం పోసుకుంటుంది, మనం చెయ్యి కదిపితే కొట్టబోయినట్టు ఉలిక్కిపడుతుంది. నడకను అదుపులో ఉంచే చిన్నమెదడులో టీహెచ్‌సీ అతుక్కునే చోట్లు కుక్కలకు మనకన్నా చాలా ఎక్కువ. ఈ సంగతి లేబుల్ మీద నవ్వే కుక్కకు ఎవరూ చెప్పినట్టు లేదు.

లేబుల్ అంటే గుర్తొచ్చింది. ఈ నూనె అమ్ముడుపోయేది సీబీడీ పేరు మీద, అంటే అదే మొక్కలో ఉండే, మత్తెక్కించని పదార్థం. 2017లో ఆన్‌లైన్‌లో దొరికే 84 సీబీడీ సరుకులను కొని పరీక్ష చేయిస్తే, రాసినంత సీబీడీ ఉన్నవి 26. టీహెచ్‌సీ బయటపడినవి 18. అవన్నీ మనుషులకు అమ్మినవి. నోరున్నవాడికే, అవసరమైతే లాయర్ని పెట్టుకోగలిగినవాడికే తూకం ఇలా ఉంటే, నోరులేని మా వాడి సీసాలో ఎంత నిజాయితీ నింపారో తలుచుకుంటేనే కళ్లు చెమరుస్తున్నాయి. పైగా కొన్ని సీసాల్లో ఉండేది ఉత్త హెంప్ గింజల నూనె. ఒమేగా కొవ్వులు దండిగా ఉంటాయి, సీబీడీ దాదాపు ఉండదు. దాన్ని సీబీడీ అనుకుని కొన్నవాళ్లు నష్టపోయారని కొందరంటారు, నేనొప్పుకోను. ఆ మార్కెట్ మొత్తంలో కుక్కకు ఏమీ చేయని సీసా అదొక్కటే కావచ్చు.

ఇక మోతాదు. ఇక్కడే నాకు కంపెనీల మీద అపారమైన గౌరవం కలిగింది. 2018లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు కీళ్లనొప్పుల కుక్కలకు కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకోసారి సీబీడీ ఇచ్చి చూశారు. ఏ కుక్కకు ఏది పడుతోందో యజమానులకు తెలియనివ్వలేదు. నొప్పి తగ్గింది, నిజంగానే తగ్గింది, ఇందులో వెటకారం లేదు. ఆ లెక్కన మా వాడికి పూటకు 48 మిల్లీగ్రాములు పడాలి. నా సీసా మొత్తంలో ఉన్నది 300. లేబుల్ చెప్పేది పూటకు అర డ్రాపర్, అంటే 5 మిల్లీగ్రాములు. పరిశోధన పేరు చెప్పుకునేది ఒక మోతాదుకు, పోయమనేది అందులో పదోవంతు. ఆ పరిశోధన ప్రకారమే పోస్తే సీసా మూడు రోజుల్లో ఖాళీ. ఇంతకన్నా సురక్షితమైన మందు ఉంటుందా చెప్పండి, పని చేసేంత ఇస్తేగా చెడు చేయడానికి!

ఆ అర డ్రాపరైనా పోయాలిగా. డ్రాపర్ కనబడగానే మా వాడికి కీళ్లనొప్పులు మాయం, ఒక్క ఉరుకులో మంచం కింద. నేను నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి చాపి, పెదవి పక్కకు లాగి పిండితే సగం పళ్ల సందుల్లోంచి గడ్డం మీదికి, మిగతాది నా మోచేతి మీదికి. వాడు తల విదిలించాక గోడ కూడా కాస్త సేవించింది. గోడకు ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

గంట తర్వాత చూస్తే హాయిగా నిద్ర. "పనిచేసింది!" అని ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. రోజులో సగం నిద్రలోనే గడిపే జీవి మధ్యాహ్నం రెండింటికి నిద్రపోవడం అద్భుతం ఎలా అయిందని ఎవరూ అడగలేదు, నేనసలే అడగలేదు. డబ్బు కట్టిందీ నేనే, సాక్ష్యం చెప్పిందీ నేనే, తీర్పు రాసిందీ నేనే. ఉత్తుత్తి మందు ఇచ్చినా కుక్క కుంటు తగ్గిందని యజమానులు చెబుతారని పశువైద్య పరిశోధకులు ఎప్పుడో పట్టుకున్నారు. పరీక్షల్లో మందేదో దాచిపెట్టేది మన కళ్లకు భయపడే.

నెల తిరిగేలోపు రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్ ఏఎల్‌పీ పెరిగింది. "ఇంకేమైనా ఇస్తున్నారా?" అన్నారు డాక్టరు గారు. "ఏమీ లేదండీ, నొప్పి మాత్రలే" అన్నాను, సహజమైనది లెక్కలోకి రాదని నా నమ్మకం. ఆయన నా మోచేతి మీది నూనె మరక వైపే చూస్తూ, "దాని సంగతి కూడా చెప్పండి" అన్నారు. కార్నెల్ కుక్కల్లోనూ ఇదే ఎంజైమ్ పెరిగిందట. సీబీడీ, మిగతా మందులు చాలావాటిని లివర్‌లో కరిగించేది ఒకే ఎంజైముల ముఠా అట, మూర్ఛకు ఫినోబార్బిటాల్ వాడే కుక్కలకైతే ఇంకా జాగ్రత్తట. జంతువులకంటూ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన సీబీడీ మందే లేదట. జబ్బు నయం చేస్తామని రాసుకున్న కంపెనీలకు అది హెచ్చరిక లేఖలు పంపితే, కొందరు బుద్ధిగా "నయం" తీసేసి "సపోర్ట్" పెట్టుకున్నారు. కీళ్లకు సపోర్ట్, ప్రశాంతతకు సపోర్ట్. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదేవాడికి కూడా తోక సపోర్టే కదా.

"బ్యాచ్ నంబరుతో ల్యాబ్ రిపోర్టు ఉందా? సీబీడీ, టీహెచ్‌సీ, సీసం, పురుగుమందులు ఎంతెంత ఉన్నాయో అందులో ఉండాలి, ఆ మొక్క మట్టిలో లోహాలను బాగా పీల్చుకుంటుంది" అని కూడా అన్నారు. ఎంత చాదస్తం! అయినా ఆయన తృప్తి కోసం కంపెనీకి రాశాను. జవాబుగా నవ్వుతున్న ఇంకో కుక్క ఫోటో, తర్వాతి సీసా మీద డిస్కౌంట్ కూపన్ వచ్చాయి.

సీసా అయిపోయి నెల దాటింది. కొత్తది తెప్పించలేదు. మా వాడు ఇప్పటికీ మధ్యాహ్నం రెండింటికి అదే మూలలో, అంతే హాయిగా పడుకుంటున్నాడు. ఆపేసిన నెలకు కూడా ఇంత బాగా పనిచేస్తున్న మందును నేనింతవరకు చూడలేదని రాసి ఐదు నక్షత్రాలు ఇచ్చాను.